గురుద్వారమును మన దేవాలయములును

కార్తిక పూర్ణిమనాడు తెల్లవాఱకమునుపే విజయవాడ యందలి కృష్ణాతీరము జనసమ్మర్దమై యుండును. స్నానఘట్టముల కడ దీపములు నీటిపై తేలుచుండును. ఇంద్రకీలాద్రి మెట్లపై భక్తులు బారులు తీరియుందురు. అదే పుణ్యదినమున, అదే పట్టణమున, గురునానక్ కాలనీ యను పేటలో మఱియొక యుత్సవము జరుగుచుండును. అచట సిక్కుల గురుద్వారము కలదు. నానక్ గురుదేవుని జయంతిని సిక్కులు జరుపుకొనునది యీ కార్తిక పూర్ణిమనాడే. మన పట్టణవాసులు దినమునకు పదిమాఱులు ఆ పేట పేరు పలుకుదురు. ఆ పేరుగల మహనీయుడెవ్వడో, ఆయన యనుయాయుల ప్రార్థనాలయము మనకేమి చెప్పుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. దేశవిభజన కాలమున సర్వస్వమును గోల్పోయి పంజాబు విడిచిన కుటుంబములలో కొన్ని దక్షిణదేశపు పట్టణములకు వచ్చి, మోటారు సామానుల వ్యాపారమున స్థిరపడి, మనతోపాటు మనవారై జీవించుచున్నవి. వారి తలపాగాను మన మెఱుగుదుము. వారి గుడిని మన మెఱుగము. ఈ యెఱుగమి వారికి నష్టము కాదు, మనకే నష్టము. కావుననే యీవారము ఈ విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

గురుద్వారమునం దేమి యున్నదని యడుగుటకంటె, ఏమి లేదని యడుగుట సులభము. అచట విగ్రహము లేదు. గర్భాలయము లేదు. గోత్రనామము లడుగు పూజారి లేడు. రుసుము చెల్లించినవారి కొక వరుస, చెల్లింపలేనివారి కింకొక వరుస యను విధానము లేదు. పాదరక్షలు వీడి, కాళ్ళు గడిగికొని, శిరస్సున వస్త్రము కప్పుకొనిన యెవ్వరైనను లోనికి పోవచ్చును. ఎత్తైన పీఠముపై, చాందినీక్రింద గురుగ్రంథము మాత్రమే యుండును. అందఱును ఆ గ్రంథమునకు మ్రొక్కి నేలపైననే కూర్చుందురు. కీర్తనము ముగిసిన పిమ్మట అందఱికిని ఒకే ప్రసాదము, ఒకే పంక్తిలో భోజనము. ఆ వంటశాలకు లంగరని పేరు. వండువారు, వడ్డించువారు, ఎంగిలిపాత్రలు కడుగువారు సేవకై వచ్చిన భక్తులే. 1469లో జన్మించిన నానకుడు నాటిన యీ విత్తనము అయిదువందల యేండ్లకు పైగా ఎండక నిలిచియున్నది.

ఇది యుత్తరదేశపు మతము, ఆంధ్రులకు దీనితో నేమి సంబంధమని కొందఱందురు. ఈ మాట చరిత్ర నెఱుగని మాట. సిక్కుల యైదు తఖ్తులలో నొకటి మన గోదావరి యొడ్డుననే యున్నది. 1708లో దశమ గురువైన గోవిందసింగు నాందేడునకు వచ్చెను. అప్పుడు బహదూరుషా చక్రవర్తి తన సోదరుడగు కాంబక్షుపై దండెత్తి హైదరాబాదునకు నడచుచుండెను. ఆ ప్రయాణమున గురువు నాందేడులో నిలిచిపోయెను. అచటనే మాధవదాసను బైరాగి ఆయనకు శిష్యుడై, బందాసింగు బహదూరుగా మాఱి, పంజాబునకు పోయి మొగలాయి యధికారమును కదల్చివేసెను. అచటనే గురువు ఘాతకుని కత్తిపోటునకు గుఱియై, 1708 అక్టోబరు 7న పరమపదించెను. తన పిమ్మట మానవగురువు లేడనియు, గ్రంథమే గురువనియు ఆయన నిర్ణయించినది యీ గోదావరీ తీరముననే. ఒక మతమున గురుపీఠము వ్యక్తినుండి వాక్కునకు, వంశమునుండి సంఘమునకు మాఱిన చోటు మన నదీతీరమే! ఆ స్థలమున మహారాజా రణజిత్సింగు 1832 మొదలు 1837 వఱకు కట్టించిన మందిరమే నేటి హజూరుసాహెబు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు నాందేడు హైదరాబాదు సంస్థానమున తెలంగాణముతోపాటు ఒకే పాలనలో నుండెను. ఆ మందిరము చెంత ప్రవహించిన గోదావరియే దిగువకు వచ్చి బాసర చేరును. పెక్కు ఉపనదులను కలుపుకొని ధవళేశ్వరము చేరును. 2015లో పట్టిసీమ యెత్తిపోతల మూలమున ఆ గోదావరి జలమును ఇబ్రహీంపట్నము కడ కృష్ణలో కలిపిరి. నాందేడు మనకు దూరమనువారు తమ పొలముగట్టున నిలిచి, కాలువలోని నీరెచటినుండి వచ్చినదో ఒక్కమాఱు ఆలోచింతురు గాక!

మఱియొక సంగతి. 1699లో ఆనందపురమున గోవిందసింగు తలనిచ్చువారెవ్వరని యడిగినప్పుడు ముందుకు వచ్చిన యైదుగురలో పంజాబు వాడొక్కడే యని సిక్కుల సంప్రదాయము. వాడు లాహోరు క్షత్రియుడు. రెండవవాడు హస్తినాపురపు జాటు. మూడవవాడు ద్వారకనుండి వచ్చిన వస్త్రముల యద్దకపువాడు. మన బందరు, పెడన అద్దకపువారి వృత్తియే వాని వృత్తి. నాలవవాడు జగన్నాథపురినుండి వచ్చిన నీళ్ళు మోయువాడు. అయిదవవాడు బీదరునుండి వచ్చిన మంగలి. పూరి మన కళింగాంధ్రమునకు పొరుగు; బీదరు తెలంగాణమునకు పొరుగు. ఖాల్సా పుట్టుకయందే ఆంధ్రదేశపు రెండు సరిహద్దులు సాక్షులై నిలిచినవి. ఆ యైదుగురకును గురువు తానే యమృతమిచ్చి, పిమ్మట వారి చేతినుండి తానమృతము గ్రహించెను. గురువు శిష్యునిచేత దీక్షపొందుట యెంత సాహసమో, మంగలిచేతి తీర్థము త్రాగుట ఆ కాలమున నెంత విప్లవమో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ బీదరులోనే నానక్ ఝీరా యను గురుద్వారము కలదు. దక్షిణదేశయాత్రలో నానకుడచట విడిసినప్పుడు, ఉప్పునీటితో బాధపడు ప్రజలకై మంచినీటి యూటను వెలువఱచెనని యైతిహ్యము. దివిసీమ చివరి గ్రామములవారికి, బందరు చుట్టుపట్టులవారికి ఈ కథ భావము సులభముగ తెలియును. చవుటినేలలో మంచినీరు చూపినవానిని ప్రజలు గురువనక యేమందురు? ఇక హైదరాబాదు నందలి సిక్కులు 1830 ప్రాంతముల సైనికులుగా వచ్చినవారి సంతతి. నిజాము కొలువున పేష్కారైన చందూలాలు కోరికపై రణజిత్సింగు పంపిన యా దళమునకు లాహోరీ ఫౌజని పేరు. వారి నివాసమైన సిక్కు ఛావనియందు బారంబాలా గురుద్వారము నేటికిని నిలిచియున్నది. రెండువందల యేండ్లుగా మన నేలపై నివసించుచున్న వారిని పరదేశీయులనుట న్యాయము కాదు.

అయితే గురుద్వారము లెన్నడును నేటివలెనే యుండినవని తలపరాదు. మేమీ విషయమును నేడు ప్రస్తావించుటకు ముఖ్యకారణ మిదియే. ఇరువదవ శతాబ్దారంభమున పంజాబునందలి పెక్కు గురుద్వారములు మహంతుల సొంత యాస్తులై యుండెను. స్వర్ణమందిరముపై సర్కారు నియమించిన యధికారి పెత్తనము చేయుచుండెను. కడజాతులవారి ప్రసాదమును పూజారులు ముట్టకుండిరి. 1920 అక్టోబరు 12న కడజాతులనుండి వచ్చి కొత్తగా అమృతము గ్రహించిన సిక్కులు కడాప్రసాదము తీసికొని స్వర్ణమందిరమునకు పోయిరి. పూజారులు నిరాకరించిరి. గ్రంథమును తెఱచి చూడవలెనని నిర్ణయమయ్యెను. తెఱచినచోట వచ్చిన వాక్కు ఆ పేదలకే యనుకూలముగా నుండెను. పూజారులు తలవంచిరి. అకాలు తఖ్తు పూజారులు పీఠము విడిచి పాఱిపోయిరి. ఆ దినముననే భక్తులు స్థలమును స్వాధీనము చేసికొనిరి. నవంబరునెలలో శిరోమణి గురుద్వారా ప్రబంధక సంఘము ఏర్పడెను. పంజాబు గురుద్వార సంస్కరణోద్యమము ఏ యాస్తి తగవుతోనో మొదలుకాలేదు. ఒక యస్పృశ్యుని పళ్ళెముతో మొదలయ్యెను.

దీనికి మూడేండ్లు ముందు, 1917 నవంబరులో, మన బెజవాడయందేమి జరిగెను? ఆంధ్రదేశపు పంచమ సోదరులు మొట్టమొదటి మహాసభను ఇచటనే జరుపుకొనిరి. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించి, పంచమశబ్దమును త్రోసిపుచ్చి, తాము ఆదిఆంధ్రులమని చాటెను. సభకు వచ్చినవారు కొండయెక్కుదురేమోయను భయముచే ఆ దినములలో కనకదుర్గ గుడితలుపులు మూసివేసిరని ఆ యుద్యమచరిత్రకారులు వ్రాసినారు. జగజ్జనని తన బిడ్డలకు భయపడెనా? భయపడినది అమ్మ కాదు, తాళపుచెవి పట్టుకొనినవారు. అమృతసరమున ద్వారము తెఱువబడుట కొక్క దినము పట్టెను. ఇచట చట్టమే తలుపులు తెఱువవలసివచ్చెను. ఆ మదరాసు ఆలయప్రవేశ చట్టము వచ్చునప్పటికి 1947వ సంవత్సరమయ్యెను. ముప్పది యేండ్లు! ఈ తేడా యెందుచేత వచ్చినది? సిక్కులు మనకంటె పుణ్యాత్ములగుటచే కాదు. వారి గుడి యెవరిదను ప్రశ్నకు వారి మతమునందే సమాధానముండెను: గుడి సంఘముది. మన గుడి యెవరిదను ప్రశ్నకు మనము నేటికిని సూటిగా సమాధానము చెప్పుకొనలేదు.

ఆ సమాధానమునకై వారు చెల్లించిన వెల స్వల్పము కాదు. 1921 ఫిబ్రవరి 20న నానకుని జన్మస్థలమైన నన్కానా గురుద్వారమున మహంతు కిరాయి హంతకులచే భక్తులను చంపించి తగులబెట్టించెను. ఆ నెత్తురారి యారువారములైనను కాకమునుపే, మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో, బెజవాడ యందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, కోటి రూపాయల తిలకు స్వరాజ్యనిధికిని, కోటి సభ్యత్వమునకును, ఇరువదిలక్షల రాట్నములకును తీర్మానము చేసెను. ఆ యేడే చీరాల పేరాల ప్రజలు ఊరు విడిచి రామనగరము కట్టుకొనిరి. ఆ యేడే సర్కారు స్వర్ణమందిరపు తాళపుచెవులను లాగుకొనెను. 1922 జనవరిలో వానిని బాబా ఖడక్‌సింగు చేతికి మరల నప్పగింపవలసివచ్చెను. భారత స్వాతంత్ర్యసమరమున మొదటి విజయము లభించినదని గాంధీమహాత్ముడాయనకు తంతి పంపెను. ఆ యేటనే గురుకాబాగు వద్ద లంగరునకై కట్టెలు కొట్టుట నేరమని దినదినము అకాలీ దళములను లాఠీలతో మోదిరి. వారు చేయియెత్తక, దెబ్బలు తిని పడిపోయిరి. అయిదువేలకు పైగా చెఱసాలలకు పోయిరి. కత్తి ధరించుట మతధర్మమైన జాతి కత్తి దూయక గెలిచినది. శాంతిసమరము పిఱికివాని యాయుధమని యెకసక్కెములాడువారికి ఇంతకంటె వేఱు జవాబేల?

ఈ పోరాటఫలముగా 1925లో పంజాబు శాసనసభ సిక్కు గురుద్వారముల చట్టము చేసెను. దానిచే చారిత్రక గురుద్వారములు సిక్కులెన్నుకొనిన సంఘము చేతికి వచ్చెను. ఆ యెన్నికలలో స్త్రీలకును వోటుహక్కు గలిగెను. ఆశ్చర్యమేమనగా అదే 1925లో మన మదరాసు రాజధానిలోను హిందూ ధర్మాదాయముల చట్టము అమలులోనికి వచ్చెను. దానిని తెచ్చినవాడు తెలుగువాడే, నాటి ముఖ్యమంత్రియైన పానగల్లు రాజా. ఆయన యుద్దేశము మంచిదే. మఠాధిపతులును ధర్మకర్తలును దేవుని మాన్యములను దిగమ్రింగుచుండగా చూచుచు నూరకుండుట పాపము. కాని మార్గమునందే భేదము. పంజాబులో భక్తులు పోరాడి గుడిని తమ చేతికి తెచ్చుకొనిరి. మన రాజధానిలో ప్రభుత్వము తానే బోర్డును నియమించి పెత్తనము వహించెను. నేటి ఆంధ్రప్రదేశమునను 1987వ సంవత్సరపు 30వ చట్టము ననుసరించి, పెద్ద దేవాలయముల పాలకమండలుల నియామకము ప్రభుత్వము చేతిలోనిదే. ఆ చట్టము వంశపారంపర్యపు ధర్మకర్తృత్వమును రద్దుచేసినది, అది మేలు. కాని వంశము పోయిన చోటికి సంఘము రాలేదు, పక్షము వచ్చెను. మంత్రివర్గము మాఱినప్పుడెల్ల గుడి పాలకమండలియు మాఱుచుండుట పాఠకులకు క్రొత్త సంగతి కాదు. భక్తుడు హుండీలో కానుక వేయును. కాని ఆ కానుకకు లెక్కచెప్పు మండలిని ఎన్నుకొను హక్కు వానికి లేదు.

లంగరు విషయమును వేఱుగ చెప్పవలెను. అన్నదానము మనకు క్రొత్త కాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు అర్ధరాత్రి వచ్చిన యాకలికిని అన్నము పెట్టిన తల్లి. మన డెల్టా పట్టణములలో సత్రములకు లోటు లేదు. కాని ఆ సత్రముల గోడలపై చెక్కిన యక్షరములను చదువుడు. ఫలానా కులమువారికని వ్రాసియున్నవి యెన్ని! ఆకలికి కులము లేదు గాని అన్నమునకు కులము కల్పించినవారము మనము. ఇందుకు విరుగుడుగానే గోరాగారు కృష్ణాజిల్లా ముదునూరులో పున్నమినాటి రాత్రులు సహపంక్తి భోజనములు నడపిరి. ఆయన దేవుడు లేడనువాడు. నానకుడు దేవుడొక్కడే యనువాడు. విస్తరిముందు ఇద్దఱును ఒకే పంక్తిని కూర్చుండిరి. 1924లో వైకము సత్యాగ్రహము జరుగుచున్నప్పుడు అకాలీలు పంజాబునుండి అంతదూరము పోయి సత్యాగ్రహులకై లంగరు తెఱచిరి. స్థానికులే తమ పోరాటమును పోషించుకొనవలెనని గాంధీజీ దానిని సమ్మతింపలేదు. మహాత్ముని యుద్దేశమును మేము గౌరవింతుము. అయినను దక్షిణదేశమున అస్పృశ్యునికై జరిగిన యుద్ధమునకు ఉత్తరదేశపు సిక్కు అన్నము వండిపెట్టుట పరాయివాని జోక్యమని యొప్పుకొనుటకు మా మనస్సు నేటికిని అంగీకరింపదు.

మనకును వారికిని మఱియొక సంబంధము మన నెత్తిపై నెగురుచున్నది. భట్లపెనుమఱ్ఱున బుట్టి, బందరు జాతీయకళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడయందు జాతీయపతాకమును గాంధీజీకి సమర్పించిరి. దానిపై రాట్నము నుంచవలెనన్న యూహ జలంధరువాసి లాలా హంసరాజుది. ఎఱుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు, గాంధీజీ చేర్చుమన్న తెలుపు తక్కినవారందఱికి నని యర్థము చెప్పిరి. మేము తక్కినవారమా యని సిక్కులడిగిరి. ఆ యడుగుట న్యాయమైనది. 1931లో కాంగ్రెసు నియమించిన పతాకసంఘమున మాస్టరు తారాసింగు సభ్యుడు. బందరువాసి పట్టాభి సీతారామయ్యగారు సమావేశకర్త. రంగులకు మతములు కల్పింపరాదని ఆ చర్చలవలన నిశ్చయమయ్యెను. ఆ యేటి ఆగస్టులో కాషాయము, తెలుపు, ఆకుపచ్చగల పతాకమును, వర్ణములకు మతార్థము లేదను నియమముతో, అఖిలభారత కాంగ్రెసు సంఘము స్వీకరించెను. కృష్ణాజిల్లా పతాకము నిచ్చెను. సిక్కుల ప్రశ్న దానికి విశాలార్థము నిచ్చెను. అల్పసంఖ్యాకుని యభ్యంతరము దేశమునకు విఘ్నము కాదనుటకు ఇంతకంటె గొప్ప దృష్టాంతమేది?

సిక్కులయందు లోపములు లేవని మేము చెప్పుటలేదు. గురువులు కాదన్న కులము పంజాబు గ్రామములలో నేటికిని చావలేదు. పెక్కుచోట్ల దళిత సిక్కులకు వేఱు గురుద్వారములున్నవి. శిరోమణి సంఘమునకు 2011లో సాధారణ యెన్నికలు జరిగిన పిమ్మట పుష్కరకాలము గడచినను మరల జరుగకపోయెను. ఎన్నిక లేని సంఘము మెల్లమెల్లగా మహంతు గద్దెయగుననుట వారు మఱువరాదు. మన నాందేడు సంగతియు చూడుడు. దాని పాలనకై 1956లో హైదరాబాదు శాసనసభ చేసిన చట్టమును మార్చి, మండలిలో ప్రభుత్వ నియమితుల సంఖ్యను పెంచుటకు 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వము యత్నించెను. సిక్కులు దేశమెల్లెడల నిరసన తెల్పిరి. ప్రభుత్వమా యత్నమును నిలుపవలసివచ్చెను. లోపములున్నను వారిలో నొక్కటి జీవించియున్నది: గుడి తమదను మెలకువ. ఆ మెలకువ యున్నంతవఱకు లోపములు దిద్దుకొనవచ్చును.

ఆ మెలకువ మనకును కలుగవలెను. గుడిని ప్రభుత్వము విడిచిపెట్టవలెనని కొందఱు కేకలు వేయుచున్నారు. విడిచిపెట్టి యెవరి చేతికిచ్చుట? 1917లో తలుపులు మూసిన చేతులకా? అట్టి విడుదల మాకు వలదు. ప్రభుత్వపు పెత్తనమునకు బదులు పాతపెత్తందారుల పెత్తనము రాకుండవలెననిన మార్గమొక్కటే: సర్వకులములకును, స్త్రీపురుషులకును సమానమైన వోటుతో భక్తులే పాలకమండలిని ఎన్నుకొనవలెను. ఏటేటి జమాఖర్చులు గుడిగోడపై నంటింపవలెను. దర్శనమునకు ధనవంతుని వరుస, దరిద్రుని వరుస యనునవి తొలగవలెను. అన్నదానశాలలో భక్తులు తామే వడ్డించి, తామే విస్తళ్ళెత్తవలెను. శాసనములతో జరుగవలసిన పనులు శాసనసభలో జరుగును. విస్తరి యెత్తుటకు శాసన మక్కఱలేదు.

వచ్చు కార్తిక పూర్ణిమనాడు కృష్ణలో మునిగి, కొండయెక్కి అమ్మవారిని దర్శించుకొనిన పిమ్మట, మన పాఠకులు గురునానక్ కాలనీ వఱకు పోయివత్తురు గాక. తలపై రుమాలు కప్పుకొని ఆ పంక్తిలో కూర్చుందురు గాక. ప్రక్కనున్న వాని కులమేదో ఎవ్వరును చెప్పరు; మీరును అడుగరు. రెండుచేతులు చాపి రొట్టెను గ్రహించుటయే యచటి యాచారము. ఆ రొట్టె తినివచ్చినవారు తమ యూరి గుడితలుపువైపు ఒక్కమాఱు చూతురేని, మేమీ పంక్తులు వ్రాసినందులకు ఫలము దక్కినట్లే.